ప్రైమర్ గరుకుగా వస్తోంది, రంగు ఎంత పలుచన చెయ్యాలి? (వైజాగ్ గాలి, 28 ఎంఎం బొమ్మలు)

సాగరతీరం (విశాఖపట్నం)
అందరికీ నమస్తే. నా దగ్గర 28 ఎంఎం ఎత్తు ప్లాస్టిక్ బొమ్మల పెట్టె ఒకటుంది, మధ్యయుగాల కాల్బలం, అందరి చేతుల్లోనూ బల్లేలు. ఫిబ్రవరిలో సగం మందికి హార్డ్‌వేర్ షాపులో దొరికే మ్యాట్ గ్రే స్ప్రే ప్రైమర్ (రంగుకి ముందు వేసే అడుగు పూత) కొట్టాను, నున్నగా వచ్చింది. మిగతావాళ్లకి అదే డబ్బాతో, అదే మేడ మీద, జూన్ చివర్లో కొడితే కొందరి మీద తెల్లటి మసక పట్టింది, కొందరిని వేలితో రాస్తే ఇసుక తగులుతోంది. డబ్బా పాతబడిందా అంటే ఇంకా సగం కూడా అవ్వలేదు.
రెండో సంగతి రంగు. వీడియోల్లో అందరూ "పాలలా పలుచన చెయ్యండి" అంటారు. అలా చేస్తే రంగు భుజం మీద నిలవకుండా జారిపోయి చంకలో చేరుతోంది. చెయ్యకపోతే కళ్లూ ముక్కూ పూడిపోతున్నాయి. ప్రైమర్ పాడవడం వల్లే రంగు జారుతోందా, లేక ఇవి రెండూ వేరు వేరు గోలలా?

గచ్చుమీద_గుర్రం (హైదరాబాద్)
వేరు వేరే భయ్యా. ప్రైమర్‌లోనే నీకు రెండు రోగాలున్నాయి, వాటిని ఒకటే అనుకుని మందు వెతికితే దొరకదు.
తెల్ల మసక తేమ వల్ల వచ్చేది. స్ప్రేలో ఉన్న ద్రావకం చాలా వేగంగా ఆవిరవుతుంది, ఆవిరయ్యేటప్పుడు బొమ్మ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, గాలిలో తేమ ఎక్కువుంటే అది ఆ చల్లటి పొర మీద నీరుగా దిగి రంగులో ఇరుక్కుంటుంది. వర్షాకాలంలో కార్లకి పెయింట్ కొట్టేవాళ్లని అడుగు, వాళ్లకీ ఇదే తలనొప్పి, వాళ్లు బ్లషింగ్ అంటారు. ఇసుక కథ దీనికి తిరగేసి. చుక్క బొమ్మని చేరేలోపే గాలిలోనే ఆరిపోయి పొడిగా అంటుకుంటుంది. దూరం ఎక్కువైనా, గాలి వీస్తున్నా, ఎండ మండుతున్నా అదే జరుగుతుంది. మీ మేడ మీద సముద్రపు గాలి ఎటునుంచి వస్తుందో చూసుకున్నావా? ఆ వైపు నిలబెట్టిన బొమ్మలే గరుకుగా వచ్చి ఉంటాయి, పందెం.

సాగరతీరం
అన్నా నిజమే, చివరి వరస అంతా గరుకే. పిట్టగోడ వైపు పెట్టినవి. మసక పట్టినవి లోపలి వరస.

గచ్చుమీద_గుర్రం
అయితే తేలిపోయింది. డబ్బాని రెండు నిమిషాలు బాగా ఊపు, లోపలి గోలీ శబ్దం మొదలయ్యాక రెండు నిమిషాలు, కదిలించడం మొదలుపెట్టినప్పటి నుంచి కాదు. 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరం. బొమ్మ పక్కన ఖాళీలో నొక్కడం మొదలుపెట్టి, బొమ్మ మీదుగా పోనిచ్చి, అవతల ఖాళీలో వదిలెయ్. బొమ్మ మీదే నొక్కడం మొదలుపెడితే మొదటి ఉమ్ము దాని మొహం మీదే పడుతుంది. ఒకేసారి కప్పెయ్యాలని చూడకు, మొదటి పూతకి కింద ప్లాస్టిక్ కనిపించినా పరవాలేదు. కొన్ని నిమిషాలాగి తిప్పి ఇంకోటి. అట్ట పెట్టె ఒకటి పక్కకి పడుకోబెట్టి దాని నోట్లో బొమ్మలు పెట్టి కొట్టు, సగం గాలి అక్కడే ఆగిపోతుంది.

పొగమంచు (నాటింగ్‌హామ్)
ఇంకొకటి గమనించాలి సాగరతీరం గారూ, మీరు చూసే వీడియోల్లో సగం ఇక్కడివే. వార్‌హామర్ యుద్ధాల ఆట బొమ్మలు చేసే గేమ్స్ వర్క్‌షాప్ కంపెనీ ఊరు ఇదే కాబట్టి చుట్టుపక్కల బొమ్మలకి రంగులేసేవాళ్లకి కొదవ లేదు. ఇక్కడ మా బాధ చలి. జనవరిలో డబ్బా చల్లబడి లోపల ఒత్తిడి తగ్గి పిచికారీ ముద్దముద్దగా పడుతుంది, అందుకని గోరువెచ్చటి నీళ్లలో డబ్బాని కాసేపు ఉంచి కొట్టమంటారు. అది చూసి జూన్‌లో వైజాగ్‌లో డబ్బాని వేడి నీళ్లలో పెట్టేరు, అక్కడ దాని అవసరమే లేదు, పైగా ప్రమాదం. 50 డిగ్రీలు దాటనివ్వొద్దని డబ్బా మీదే రాసి ఉంటుంది. ఎండలో ఆపిన కారులో కూడా వదలకండి.

గచ్చుమీద_గుర్రం
బాగా చెప్పావు. టైము సంగతి కూడా ఊరిని బట్టే. మే నెలలో మా దగ్గర 42 డిగ్రీలు, గాలి ఎండు గాలి, అందుకని నేను పొద్దున్నే ఆరింటికి కొడతా, చల్లగా ఉంటుంది, చుక్క గాలిలో ఆరదు. నేను చెప్పానని వైజాగ్‌లో పొద్దున ఆరింటికి కొడితే కొంప మునుగుద్ది. తెల్లవారుజామునే గాలిలో తేమ శాతం అన్నిటికంటే ఎక్కువ, ఎండెక్కే కొద్దీ తగ్గుతుంది. మీకు మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు మధ్య, నీడలో, అదీ వాన లేని రోజు. తేమ కొలిచే హైగ్రోమీటర్ చిన్నది ఒకటి కొనుక్కో, పెద్ద ఖరీదేం కాదు. 65 శాతం లోపు ఉంటే నిశ్చింతగా కొట్టు, 75 దాటితే డబ్బా ముట్టుకోకు. మధ్యలో ఉంటే ఒక పాత స్ప్రూ ముక్క (బొమ్మలు కోసుకున్నాక మిగిలే ప్లాస్టిక్ చట్రం) మీద కొట్టి పది నిమిషాలాగి చూడు.

సాగరతీరం
జూలై నుంచి అక్టోబర్ దాకా 75 లోపు దిగే రోజు మాకు ఎక్కడ దొరుకుతుందన్నా? ఏసీ గదిలో కొట్టొచ్చా?

గచ్చుమీద_గుర్రం
ఏసీ గదిలో కొట్టకు. తేమ తగ్గుతుంది సరే, ఆవిర్లన్నీ అదే గదిలో తిరుగుతాయి, ఇంట్లోవాళ్లు బొమ్మలతో సహా నిన్ను బయటపెడతారు. కరోనా నాటి ఎన్95 మాస్కు పొడిని ఆపుతుంది గానీ ద్రావకం ఆవిరిని ఆపదు, దానికి కార్ట్రిడ్జ్ ఉన్న రెస్పిరేటర్ కావాలి. బయట కొట్టి వెంటనే ఏసీ గదిలో ఆరబెట్టడం కొంతవరకు పనిచేస్తుంది. మసక మాత్రం కొట్టిన మొదటి నిమిషంలోనే పడుతుంది కాబట్టి పూర్తి మందు కాదు.

కుంచెమ్మ (విజయవాడ)
ఇంత యాగీ ఎందుకు బాబూ, ప్రైమర్‌ని కుంచెతో వేసుకోవచ్చు కదా? నేను వానాకాలం మొత్తం కుంచెతోనే వేస్తాను. వల్లేహో సర్ఫేస్ ప్రైమర్ నీటి మీద పనిచేసే యాక్రిలిక్ పాలీయూరిథేన్, దానికి ఆవిరీ లేదు, మసకా లేదు. సింథటిక్ కుంచె, కాస్త పెద్దది, నంబర్ 4 అనుకో. కొంచెం తీసుకుని పల్చగా లాగు, గుంటల్లో మడుగు కడితే కుంచె తుడుచుకుని అదే కుంచెతో పీల్చెయ్. తడిగా ఉన్నప్పుడు గీతలు కనబడి భయపెడతాయి, వదిలెయ్, ఆరేటప్పుడు అదే బిగుసుకుని సమం అవుతుంది. అక్కడక్కడా చెయ్యి పెట్టి సర్దబోతేనే పాడవుతుంది. ఒక్క నియమం, రాత్రంతా ఆరనివ్వాలి. పైకి గంటలో ఆరినట్టే ఉంటుంది, గోరు తగిలితే పొరలా లేచి వస్తుంది. ఒక రోజు గడిచాక బాగా పట్టుకుంటుంది. దాన్ని నీళ్లతో పలుచన చెయ్యొద్దు, పట్టు పోతుంది. దాన్ని సాండ్‌పేపర్‌తో రుద్దే పని కూడా పెట్టుకోవద్దు, పొడిగా రాలదు, రబ్బరు ముక్కల్లా చిరుగుతుంది.

గచ్చుమీద_గుర్రం
అక్కా, ఇరవై బొమ్మలకి సరే, పటాలానికి కుంచెతో ప్రైమరా? కంప్రెసర్ గాలితో రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్ కొనమని చెప్పండి.

కుంచెమ్మ
కుర్రాడు హార్డ్‌వేర్ షాపు డబ్బా కొంటున్నాడు, నువ్వు కంప్రెసర్ అంటున్నావు. పటాలానికి కుంచెతో ఒక సాయంత్రం పడుతుంది, నిజమే. పడనీ. మా ఇంటికి దగ్గర్లో కొండపల్లి ఉంది, అక్కడ తెల్ల పొణికి చెక్కతో బొమ్మ చేసి, చింతగింజల జిగురూ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతుకులూ పగుళ్లూ పూడ్చి, దాని మీద సున్నం పూత వేసి అప్పుడు రంగుకి వెళ్తారు. ఆ సున్నం వల్లే పసుపూ ఎరుపూ అలా వెలుగుతాయి, చెక్క మీద నేరుగా వేస్తే పీల్చేసుకుని మడ్డిగా అయిపోతాయి. ప్రైమర్ అంటే అదే కదా, అదంతా చేత్తోనే కదా చేస్తున్నారు.

పాతపెట్టె (సికింద్రాబాద్)
కుంచెమ్మ గారు చెప్పింది చెక్కకి సరిపోతుంది. ప్లాస్టిక్ పీల్చుకోదు, దానికి కావలసింది పట్టు. (ఏటికొప్పాకలో ఆ గొడవే లేదు, తిరుగుతున్న అంకుడు కర్ర మీద రంగు కలిపిన లక్కని ఒత్తిపెడితే రాపిడి వేడికే కరిగి అంటుకుంటుంది.) సాగరతీరం గారూ, ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు, బొమ్మల్ని కడిగారా? అచ్చులోంచి సులువుగా ఊడిరావడానికి వాడిన జిడ్డు కొంత ఉండిపోవచ్చు, దానిమీద మన చేతి జిడ్డు. గోరువెచ్చటి నీళ్లలో రెండు చుక్కల గిన్నెలు తోమే లిక్విడ్ వేసి పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి. గట్టి ప్లాస్టిక్‌కి ఇది ఒక్కోసారి ఎగ్గొట్టినా నడుస్తుంది. రెజిన్‌కీ, తెల్ల లోహం బొమ్మలకీ మాత్రం ఎగ్గొట్టడానికి వీల్లేదు.
ఇంకో ముఖ్యమైన మాట. మన ఊళ్లలో హార్డ్‌వేర్ షాపువాడిని థిన్నర్ అడిగితే నూటికి తొంభై సార్లు ఎన్‌సీ థిన్నర్ ఇస్తాడు. అది చెక్క పాలిష్‌కీ కార్లకీ. అందులో టోలీన్, ఎసిటోన్ లాంటివి ఉంటాయి, అవి పాలీస్టైరీన్‌ని, అంటే మన బొమ్మల గట్టి ప్లాస్టిక్‌ని కరిగిస్తాయి. డబ్బా స్ప్రేలు చాలావాటిలో కూడా అలాంటి ద్రావకాలే ఉంటాయి, పల్చటి పూతలో అవి వెంటనే ఆవిరైపోతాయి కాబట్టి బతికిపోతాం, అంతేకాదు ప్లాస్టిక్‌ని కొంచెం కొరికి గట్టిగా పట్టుకుంటాయి కూడా. ఒకే చోట తడిసి ముద్దయ్యేలా కొడితే మాత్రం కవచం మీది మేకులూ గొలుసులూ మెత్తబడి చదునైపోతాయి.

సున్నా_సున్నా (వరంగల్)
అన్నలూ, నేను హాస్టల్‌లో ఉంటా, బడ్జెట్ తక్కువ. గోడలకి వేసే వాల్ ప్రైమర్ మా వార్డెన్ గది ముందు సగం డబ్బా ఉంది. అది వాడొచ్చా? రంగులు ఫెవిక్రిల్ ఉన్నాయి.

పాతపెట్టె
వార్డెన్ డబ్బా వార్డెన్‌కి వదిలెయ్యి నాయనా. గోడ ప్రైమర్ గోడ రంధ్రాలు పూడ్చడానికి, అందులో పొడి ఎక్కువ. నీ బొమ్మకి కళ్లే రంధ్రాలు. రెడ్ ఆక్సైడ్ కూడా అంతే, గేటుకి బాగుంటుంది.

కుంచెమ్మ
గెస్సో చిన్న డబ్బా కొనుక్కో, క్యామెల్‌ది స్టేషనరీ షాపులో దొరుకుతుంది. కాన్వాసు కోసం చేసింది కాబట్టి చిక్కగా ఉంటుంది, కొంచెం నీళ్లతో పలుచన చేసి రెండు పూతలు. పెద్ద బొమ్మలకి హాయిగా పనిచేస్తుంది, 28 ఎంఎం మొహాలకి మాత్రం చాలా కొద్దిగా వాడు. ఫెవిక్రిల్ తప్పేం కాదు, దాంట్లో రంగు పొడి అంత మెత్తగా ఉండదు, పలుచన చేస్తే కప్పదు, చెయ్యకపోతే మందంగా పడుతుంది. అందుకని గుడ్డలు, బూట్లు, అడుగున నేల, వీటికి వాడు. మొహానికి, లోహపు రంగుకి మాత్రం ఒక రెండు మంచి డ్రాపర్ సీసాలు కొనుక్కో. అన్నీ ఒకేసారి కొనక్కర్లేదు.

పాతపెట్టె
నీ దగ్గర ఉన్నవి 1/72 స్కేలు (అసలు మనిషిలో 72వ వంతు) మెత్తటి ప్లాస్టిక్ సైనికులైతే, అంటే తుపాకీ వంచితే వంగి మళ్లీ నిలబడేవైతే, ఏ ప్రైమర్ వేసినా వంగిన చోట పెచ్చులూడుతుంది. దానికి పాతకాలం చిట్కా, సబ్బుతో కడిగి, పీవీఏ జిగురు నీళ్లు కలిపి పల్చగా ఒక పూత. మనకి ఫెవికాల్. అది ఆరాక కొంచెం సాగుతుంది కాబట్టి పైన వేసిన రంగుని పట్టి ఉంచుతుంది. తడి మాత్రం తగలనివ్వకు.

సున్నా_సున్నా
తుపాకీ వంగుతోంది 😀 ఫెవికాల్ ఉంది. థాంక్స్ సార్.

రెజిన్_రాజు (బెంగళూరు)
ఇక్కడ సగం మంది ఇప్పుడు త్రీడీ ప్రింటే కదా, దిగుమతి పెట్టెల ధర చూసి నేనూ అటే వెళ్లా. దానికి ఒక మాట. యూవీ రెజిన్ ప్రింట్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కడిగి, పూర్తిగా ఆరాక, అప్పుడే యూవీ లైటు కింద పెట్టండి. ఆల్కహాల్ తడి ఉండగానే క్యూర్ చేస్తే (ఆ లైటుతో గట్టిపరిస్తే) తెల్లటి మచ్చలు. గుంటల్లో క్యూర్ కాని రెజిన్ మిగిలితే ఎంత ఖరీదైన ప్రైమర్ అయినా అక్కడ జిగురుగానే ఉండిపోతుంది, ఎన్నాళ్లయినా ఆరదు. వేలికి జిగట తగిలితే ప్రైమర్ జోలికి వెళ్లొద్దు, మళ్లీ కడగండి. చేతికి గ్లోవ్స్ తప్పనిసరి, అది చర్మానికి మంచిది కాదు.

సాగరతీరం
ప్రైమర్ సంగతి అర్థమైంది, అందరికీ థాంక్స్. మసక పట్టినవాళ్లని ఏం చెయ్యాలి, మళ్లీ మీద కొట్టొచ్చా? రంగు సంగతి కూడా చెప్పండి, పాలలా అంటే ఎంత?

గచ్చుమీద_గుర్రం
మసక పట్టినవాటికి, నున్నగానే ఉంటే, పొడి రోజు చూసి మీద ఒక పల్చటి పూత కొట్టు, చాలావరకు మాయమవుతుంది. ఎలాగూ రంగు వేస్తావు కదా. గరుకువి మాత్రం తీసెయ్యాల్సిందే, మీద ఎన్ని పూతలు కొట్టినా ఆ ఇసుక అలాగే పైకి కనబడుతుంది, రంగు వేసి వాష్ (గుంటల్లోకి దిగే పలుచటి ముదురు రంగు) పోశాక ఇంకా ఎక్కువ కనబడుతుంది.
పాలలా అంటే, ఏ పాలు అని అడగాలి ముందు. మా అమ్మమ్మ ఊళ్లో గేదె పాలు వేరు, ఇక్కడ ప్యాకెట్‌లో వచ్చే టోన్డ్ పాలు వేరు. వీడియోలో వాళ్లు చెప్పేది ఎయిర్‌బ్రష్‌కి, టోన్డ్ పాలు. కుంచెతో మొదటి రంగుకి గేదె పాలు చాలు.

కుంచెమ్మ
హహ, ఇది బాగుంది. కానీ ఆ మాట పట్టుకుని గిన్నెలో కొలత వెయ్యకు బాబూ. గేమ్స్ వర్క్‌షాప్ వాళ్ల సిటాడెల్ రంగుల్లో బేస్ డబ్బా చిక్కన, వాళ్లదే లేయర్ అంతకంటే పలుచన, వల్లేహో మోడల్ కలర్ సీసాలోనే రంగు పొడి అడుగుకి దిగి జిగురు విడిపోయి ఉంటుంది, ఊపకపోతే మొదట నీళ్లే వస్తాయి. అందుకే ఎంత రంగుకి ఎన్ని చుక్కలు అనే లెక్క ఒక సీసాకి పనిచేస్తే ఇంకో సీసాకి పనిచెయ్యదు. మొదలుపెట్టడానికి రెండు పాళ్ల రంగుకి ఒక పాలు నీళ్లు అనుకో, తర్వాత బొటనవేలి గోరు మీద ఒక గీత లాగు. గీత లాగినచోటే నిలబడి, కింద గోరు కొద్దిగా కనబడుతుంటే సరైనది. గీత పక్కకి పాకితే నీళ్లెక్కువ. కుంచె వెంట్రుకల గాట్లు కనబడితే చిక్కన.
నీకు జారుతున్న రంగు గురించి చెప్పనా, నీళ్లు ఎక్కువై కాదు, కుంచెలో ఎక్కువై. పలుచన చేసిన రంగులో కుంచె ముంచి నేరుగా బొమ్మ మీద పెడితే అంతా ఒకేసారి దిగి గుంట వెతుక్కుంటుంది. ముంచాక పేపర్ టవల్ మీద ఒకసారి ఆనించి, అప్పుడు పెట్టు. ఈ ఒక్క అలవాటు లేకనే సగం మంది పలుచన చెయ్యడం మానేసి చిక్కటి రంగుకి వెళ్లిపోతారు.

పొగమంచు
కుంచెమ్మ గారు చెప్పినదానికి కలుపుతాను. నీళ్లు ఎంతదాకా పొయ్యొచ్చో కూడా తెలిసి ఉండాలి. యాక్రిలిక్‌లో రంగు పొడిని పట్టి ఉంచేది ఒక జిగురు, నీళ్లు పోసేకొద్దీ ఆ జిగురు దూరదూరమవుతుంది. కొంతదాకా పరవాలేదు. మరీ ఎక్కువైతే ఆరాక అంచుల్లో గీత గట్టి మరకలా మిగులుతుంది, లేదా తర్వాతి పూత తడికి కింది రంగు లేచివస్తుంది. అందుకని గ్లేజ్ లాంటి బాగా పలుచటి పనికి నీళ్లతోనే సరిపెట్టకుండా మ్యాట్ మీడియం కలుపుతారు. మీడియం అంటే రంగు పొడి లేని జిగురే, పారదర్శకంగా అవుతుంది గానీ పట్టు తగ్గదు. మూడు నాలుగు పాళ్ల మీడియం, ఒక పాలు రంగు, కొంచెం నీళ్లు. ఒక్క పూతతోనే వెలుగూ నీడా వచ్చే సిటాడెల్ కాంట్రాస్ట్ రంగులు 2019లో వచ్చినప్పుడు చాలామంది వాటిని నీళ్లతో పలుచన చేసి ఇదే తిప్పలు పడ్డారు, వాటికి మీడియమే వాడాలి.

గచ్చుమీద_గుర్రం
లోహపు రంగుకి నీళ్లు ఇంకా తక్కువ. లోపల మెరిసే రేకులు నీళ్లలో తేలి విడిపోతాయి, ఒకచోట మెరుపు, ఇంకోచోట బూడిద రంగు. ఆ కుంచె కడిగిన నీళ్లలో మామూలు కుంచె ముంచకు, నీ సైనికుల బుగ్గలు కూడా మెరుస్తాయి.

రెజిన్_రాజు
ఫ్యాన్! ఎవరూ ఫ్యాన్ గురించి చెప్పలేదేంటి? సీలింగ్ ఫ్యాన్ కింద కూర్చుంటే కుంచె మొనలోనే రంగు ఆరిపోతుంది, దాన్ని చూసి నీళ్లు చాల్లేదనుకుని ఇంకా పోస్తాం. ముందు ఫ్యాన్ కట్టాలి, లేదా టేబుల్ పక్కకి జరపాలి.

సాగరతీరం
వైజాగ్‌లో జూలైలో ఫ్యాన్ కట్టమంటున్నారు, మీరు ఎప్పుడైనా వచ్చారా మా ఊరికి 😅

రెజిన్_రాజు
వచ్చాను కాబట్టే చెప్తున్నా, వెట్ పాలెట్ చేసుకో. మూత బిగుతుగా పట్టే పల్చటి ప్లాస్టిక్ డబ్బా, అడుగున స్పాంజి లేదా మడిచిన పేపర్ టవల్, అది తడిసేదాకా నీళ్లు, మీద బేకింగ్‌కి వాడే పార్చ్‌మెంట్ పేపర్. షాపులో బట్టర్ పేపర్ అనే పేరుతో రెండు మూడు రకాలు అమ్ముతారు, మైనం పూసింది కొనకు, అది నీళ్లని పైకి రానివ్వదు. కింద నుంచి కొద్దికొద్దిగా తడి అందుతుంటుంది కాబట్టి ఫ్యాన్ కింద కూడా రంగు గంటల తరబడి ఉంటుంది. మీ తేమకి రెండు రోజుల్లో స్పాంజికి బూజు వాసన వస్తుంది, పని అయ్యాక పిండి ఆరబెట్టు. డబ్బా మూసి అలాగే వదిలెయ్యకు.

గచ్చుమీద_గుర్రం
నీళ్ల మాట కూడా. మా అపార్ట్‌మెంట్ బోరు నీళ్లు ఆరితే గ్లాసు మీద తెల్ల చారలు పడతాయి, అవే నల్ల రంగు మీద కూడా పడతాయి, ముఖ్యంగా వాష్‌లో. ఆర్వో నీళ్లు వాడండి, ఇంకా కావాలంటే బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్, లీటరు క్యాన్ కొంటే ఏడాది వస్తుంది. కుంచె కడగడానికి ఏ నీళ్లయినా పరవాలేదు, రంగులో కలిపేవాటికే ఈ శ్రద్ధ.

సున్నా_సున్నా
రంగులో ఒక చుక్క విమ్ లిక్విడ్ వేస్తే బాగా పాకుతుందని ఒక రీల్‌లో చూశా. నిజమా?

పాతపెట్టె
పాకుతుంది, నీటి ఉపరితలపు బిగువు తగ్గుతుంది కాబట్టి. నురగ కూడా వస్తుంది, ఆ బుడగలు ఆరాక చిన్న చిన్న గుంటలవుతాయి. పైగా సబ్బు ఎండాక అక్కడే ఉండిపోతుంది. ఆ పని కోసమే ఫ్లో ఇంప్రూవర్ అని అమ్ముతారు, దాన్ని కూడా సీసాలో పొయ్యొద్దు, నీళ్లలో కలిపి ఆ నీళ్లు వాడు. ఎక్కువైతే సాగరతీరం గారికి అయినట్టే, అంతా గుంటల్లోకి.
గ్లిజరిన్ కూడా ఎవరో ఒకరు చెప్తారు, ముందే చెప్తున్నా, అది ఆరదు. మన తేమకి బొమ్మ ఎప్పటికీ జిగటగానే ఉంటుంది.

పొగమంచు
ఇంకా ఒకటి, ఒక కంపెనీ థిన్నర్‌ని ఇంకో కంపెనీ రంగులో పోసే ముందు ఒక చుక్కతో చూసుకోండి. టామియా యాక్రిలిక్‌ని వాళ్ల ఎక్స్-20ఏ థిన్నర్‌తోనో, ఐసోప్రొపైల్‌తోనో పలుచన చెయ్యొచ్చు, చక్కగా ఉంటుంది. అదే ఆల్కహాల్ వల్లేహోలో పోస్తే గడ్డలు కట్టి ఎయిర్‌బ్రష్ నాజిల్ మూసుకుపోతుంది. రెండింటి మీదా యాక్రిలిక్ అనే రాసి ఉంటుంది, ఆ మాటని నమ్మకండి.

సాగరతీరం
గరుకు వరస వాళ్లని దేనితో తియ్యాలి? ఎసిటోన్ వద్దని అర్థమైంది.

పాతపెట్టె
ఎసిటోన్ అంటే మీ సైనికులు మిగలరు. యాక్రిలిక్ రంగుకి డెట్టాల్, అదే ఇంట్లో ఉండే గోధుమ రంగు సీసా, నీళ్లు కలపకుండా. మూత ఉన్న గాజు సీసాలో ఒక రాత్రి నాననిచ్చి టూత్‌బ్రష్‌తో రుద్దండి. ఇక్కడే అందరూ పప్పులో కాలేస్తారు, రుద్దుతూ కుళాయి కింద పెడతారు. నీళ్లు తగలగానే కరిగిన రంగు జిగట బురదై బొమ్మకి అతుక్కుంటుంది, దాన్ని వదిలించడం ఇంకా కష్టం. రుద్దడం, తొలి కడుగుడు రెండూ డెట్టాల్‌లోనే, రంగంతా పోయాక చివర్లో సబ్బు నీళ్లు. గట్టి ప్లాస్టిక్‌కీ లోహానికీ బాగుంటుంది. రెజిన్‌ని ఎక్కువసేపు వదలొద్దు, కొన్ని రకాలు మెత్తబడతాయి.
మీది హార్డ్‌వేర్ షాపు స్ప్రే కాబట్టి అది యాక్రిలిక్ కాకపోతే డెట్టాల్‌కి పూర్తిగా లొంగకపోవచ్చు. ముందు ఒక్కడిని ముంచి చూడండి.

కుంచెమ్మ
ఇంట్లో ముందుగా చెప్పి పెట్టుకో. మా ఇంట్లో ఆ వాసనకి ఎవరికి దెబ్బ తగిలిందని పక్కింటావిడ వచ్చి అడిగింది.

సాగరతీరం
అప్‌డేట్. ఒకడిని ముంచాను, రాత్రికి రాత్రి సగం పోయింది, మొండిగా మిగిలింది ఇంకో రాత్రికి పోయింది. కవచం గొలుసులు క్షేమం. వర్షం లేని శనివారం మధ్యాహ్నం హైగ్రోమీటర్ 63 చూపిస్తే అట్ట పెట్టెలో పెట్టి నలుపు కొట్టి, ఆరాక పై నుంచి వాలుగా తెలుపు పల్చగా కొట్టాను. భుజాలూ తలా తెల్లగా, చంకలూ కాళ్ల సందులూ నల్లగా వచ్చాయి. తెలుపు మాత్రం కొంచెం పొడిపొడిగా అనిపిస్తోంది.

గచ్చుమీద_గుర్రం
జెనిథల్ (నలుపు మీద పై నుంచి తెలుపు కొట్టే పద్ధతి) కూడా మొదలుపెట్టేశావా! తెలుపు ఎవరికైనా అంతే, అందులో ఉండే టైటానియం డయాక్సైడ్ బరువు, ఎక్కువ ఊపాలి, నలుపు కంటే దగ్గరగా కొట్టాలి. దానికి బదులు లేత బూడిద గానీ ఐవరీ గానీ వాడి చూడు, తేడా కళ్లకి పెద్దగా తెలియదు, పొడి మాత్రం తగ్గుతుంది. పసుపు జెండాలేవైనా ఉంటే అక్కడ ముందు లేత గులాబీ గానీ లేత గోధుమ గానీ వేసుకో, నలుపు మీద పసుపు వేస్తే పచ్చి ఆకుపచ్చగా కనబడుతుంది.

సాగరతీరం
జెండాలు పసుపే అన్నా. ఈ వారం లేత గోధుమ వేస్తా. వార్నిష్ కూడా డబ్బాదే ఉంది, చివర్లో అదీ మధ్యాహ్నమే కొట్టాలా?

పాతపెట్టె
మ్యాట్ వార్నిష్‌కి మసక ఇంకా తొందరగా పడుతుంది, పైగా అప్పటికి రంగంతా వేసేసి ఉంటారు, తీసేసి మళ్లీ మొదలుపెట్టే ఓపిక ఎవరికీ ఉండదు. నవంబర్ దాకా ఆగండి, లేదా నీటి మీద పనిచేసే సీసా వార్నిష్ కుంచెతో రెండు పల్చటి పూతలు వేసుకోండి. ఈలోగా బొమ్మల్ని అడుగున పట్టుకుని ఆడండి.